కంటెంట్ క్రియేటర్‌గా ఆన్‌లైన్‌లో మొదటి ఆదాయం: అంశం ఎంపిక నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా

"ఎన్ని వీడియోలు పెడితే డబ్బులు వస్తాయి?" అని చాలామంది అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు నేరుగా జవాబు లేదు. వీడియోల సంఖ్య కన్నా డబ్బు ఏ దారిలో వస్తుందన్నది ముఖ్యం. ప్రకటనల ఆదాయం ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లకు మొదటి చెల్లింపు అన్నిటికన్నా ఆలస్యంగా అందుతుంది. ఈ మార్గదర్శిలో ప్రకటనలను చివరికి నెట్టి, త్వరగా డబ్బు వచ్చే దారులను ముందుకు తెచ్చాం. ఉదాహరణలు ఎక్కువగా యూట్యూబ్‌వి. బ్లాగు, ఇన్‌స్టాగ్రామ్, పాడ్‌కాస్ట్ చేసేవారికి కూడా 2, 5, 6, 7 భాగాలు దాదాపు అలాగే వర్తిస్తాయి.

## 1. కెమెరా ముట్టుకునే ముందు లెక్క వేయండి

యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దానితోపాటు గత 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ (జనం మీ వీడియోలు చూసిన మొత్తం సమయం) గానీ, గత 90 రోజుల్లో షార్ట్స్ (చిన్న నిలువు వీడియోలు) మీద 1 కోటి వ్యూస్ గానీ ఉండాలి.

4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున 4 నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 వ్యూస్ కావాలి. వారానికి ఒక వీడియో చొప్పున ఏడాదికి 52 పెడితే, ఒక్కోదానికి సుమారు 1,150 వ్యూస్ రావాలి. షార్ట్స్ దారిలో అయితే రోజుకు సగటున 1,11,000 వ్యూస్, అది కూడా వరుసగా 90 రోజులు.

ఆ 60,000 వ్యూస్‌కు డబ్బు రాదు, అర్హత మాత్రమే వస్తుంది. అర్హత వచ్చాక వెయ్యి వ్యూస్‌కు 1 డాలర్ మీ చేతికి మిగులుతుందనుకుందాం. డాలర్లలో చెల్లింపు తీసుకునేవారికి కనీస మొత్తం 100 డాలర్లు. అంటే మొదటి చెల్లింపుకు ఇంకో లక్ష వ్యూస్ కావాలి.

ఇప్పుడు మిగతా దారులు చూడండి.

- సేవ: మీకు వచ్చిన పనిని (ఎడిటింగ్, వీడియోకు ముఖచిత్రంగా కనిపించే థంబ్‌నెయిల్, స్క్రిప్ట్, బోధన) ఇంకొకరికి చేసి పెట్టడం. సబ్‌స్క్రైబర్ల సంఖ్యతో పని లేదు, ఒక్క క్లయింటు చాలు.
- అఫిలియేట్: మీ లింకు ద్వారా ఎవరైనా వస్తువు కొంటే కమిషన్. ప్రేక్షకులు తక్కువైనా, కొనాలనే ఉద్దేశంతో వచ్చినవాళ్లయితే పనిచేస్తుంది.
- చిన్న డిజిటల్ ఉత్పత్తి: టెంప్లేట్, చెక్‌లిస్ట్, అభ్యాస పత్రాలు. చూసేవారి నమ్మకం కావాలి, వందల్లో ఉన్నా సరిపోతుంది.
- అభిమానుల మద్దతు: యూట్యూబ్‌లో మెంబర్‌షిప్ (నెలవారీ చందా), సూపర్ థ్యాంక్స్ (వీడియో నచ్చి ఇచ్చే డబ్బు) లాంటివి. వీటి గడప తక్కువ: 500 మంది సబ్‌స్క్రైబర్లు, గత 90 రోజుల్లో 3 పబ్లిక్ అప్‌లోడ్లు, 3,000 గంటల వాచ్ టైమ్ లేదా 90 రోజుల్లో షార్ట్స్‌పై 30 లక్షల వ్యూస్. వచ్చిన దాంట్లో మీ వాటా 70 శాతం.
- స్పాన్సర్‌షిప్: మొదటి ఆదాయంగా అరుదు. మోసాలు మాత్రం ఇక్కడే ఎక్కువ (8వ భాగం చూడండి).

మా సలహా: సేవ, అఫిలియేట్, చిన్న ఉత్పత్తి, ఆ తర్వాతే ప్రకటనలు. సేవ చెయ్యడం ఇష్టం లేకపోతే అఫిలియేట్‌తో మొదలుపెట్టండి. రెండూ వద్దు, ప్రకటనలే కావాలంటే కనీసం ఏడాది ఓపిక పట్టాల్సి ఉంటుందని ముందే అనుకోండి.

## 2. అంశం: ఒక మనిషి, ఒక ఇబ్బంది

"టెక్ వీడియోలు", "మోటివేషన్" లాంటివి అంశాలు కావు, గంపగుత్త పేర్లు. ఈ వాక్యాన్ని పూరించండి:

*"_____ చేస్తున్నప్పుడు _____ దగ్గర ఆగిపోయే _____ కోసం."*

ఉదాహరణకు, "ఫోన్‌తో వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడు శబ్దం దగ్గర ఆగిపోయే కొత్త క్రియేటర్ల కోసం." ఖాళీలు నిండకపోతే అంశం ఇంకా దొరకనట్టే.

దొరికాక మూడు పరీక్షలు పెట్టండి.

30 శీర్షికల పరీక్ష. ఒక్కసారి కూర్చుని 30 శీర్షికలు రాయండి. పన్నెండో పదిహేనో రాసేసరికి ఆగిపోతే అంశం మరీ ఇరుకు, లేదా దాని గురించి మీకు తెలిసింది తక్కువ.

వెతుకులాట పరీక్ష. యూట్యూబ్, గూగుల్ వెతికే పెట్టెలో అంశం పేరు టైప్ చేసి, కింద వచ్చే సూచనలన్నీ రాసుకోండి. తర్వాత ఆ పేరు చివర "ఎలా", "ఏది మంచిది", "ఎందుకు రావట్లేదు" చేర్చి మళ్లీ చూడండి. జనం నిజంగా అడుగుతున్నవే అక్కడ కనిపిస్తాయి. సూచనలు ఏమీ రాకపోతే వెతికేవాళ్లు లేరన్నమాట.

డబ్బు పరీక్ష. ఈ ఇబ్బంది తీర్చుకోవడానికి జనం ఇప్పటికే దేని మీదైనా ఖర్చు పెడుతున్నారా? పరికరం, సాఫ్ట్‌వేర్, పుస్తకం, ట్యూషన్, మనిషి సాయం, ఏదైనా సరే. ఒక్కటీ లేకపోతే ఆ అంశంలో వ్యూస్ రావచ్చు, మొదటి ఆదాయం మాత్రం కష్టం.

పిల్లల కోసం చేసే వీడియోల గురించి ఒక హెచ్చరిక. "మేడ్ ఫర్ కిడ్స్" గుర్తు పెట్టిన వీడియోలకు కామెంట్లు ఉండవు, వ్యక్తిగత ప్రకటనలు ఉండవు. కామెంట్లు లేకపోతే 7వ భాగంలో చెప్పే దారులు సగం మూసుకుపోతాయి.

## 3. ఖాతాల ఏర్పాటు

ఒక వేదిక చాలు. నాలుగు చోట్ల ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు నాలుగింటిలోనూ సగంలో ఆగిపోతారు. వీడియో అయితే యూట్యూబ్, రాత అయితే సొంత బ్లాగు. ఈ రెండింటిలో పాత కంటెంట్ వెతుకులాట ద్వారా నెలల తర్వాత కూడా మనుషుల్ని తెస్తుంది.

- దీనికోసమే కొత్త ఈమెయిల్ ఖాతా. ఇతర సైట్లలో లాగిన్ కోసం దీన్ని వాడకండి.
- టూ-స్టెప్ వెరిఫికేషన్ మొదటి రోజే ఆన్ చెయ్యండి. యూట్యూబ్ నుంచి డబ్బు వచ్చే కార్యక్రమంలో చేరాలంటే ఎలాగూ తప్పదు.
- యూట్యూబ్‌లో ఫోన్ నంబరు ధ్రువీకరించండి. అది లేకపోతే సొంత థంబ్‌నెయిల్ పెట్టలేరు, 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కించలేరు.
- యూట్యూబ్ స్టూడియో (మీ ఛానల్‌ను నడిపే పేజీ) సెట్టింగ్స్‌లో ఫీచర్ ఎలిజిబిలిటీ తెరిచి "అడ్వాన్స్‌డ్ ఫీచర్స్"కు దరఖాస్తు చెయ్యండి. గుర్తింపు పత్రంతోనో, వీడియో ధ్రువీకరణతోనో, ఛానల్ చరిత్రతోనో అది వస్తుంది. ఇది లేనిదే వివరణలో పెట్టిన బయటి లింకులు నొక్కితే తెరుచుకోవు. అఫిలియేట్ లింకులు పెట్టి "ఒక్క క్లిక్ కూడా లేదు" అని బాధపడేవారు ముందు దీన్ని చూసుకోవాలి.
- సంప్రదించడానికి ఈమెయిల్, ఛానల్ పరిచయంలో 2 వాక్యాలు. అంతే.

లోగో, ఇంట్రో యానిమేషన్, విజిటింగ్ కార్డు ఇప్పుడు వద్దు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది.

## 4. పరికరాలు: శబ్దం ముందు, బొమ్మ తర్వాత

ఫోన్ కెమెరా సరిపోతుంది. 1080పి, సెకనుకు 30 ఫ్రేములు పెట్టండి. నిమిషానికి సుమారు 60 నుంచి 130 ఎంబీ పడుతుంది కాబట్టి, పది నిమిషాల వీడియోకు మళ్లీ మళ్లీ తీసినవి కూడా కలుపుకుని 4 జీబీ ఖాళీ ఉంచుకోండి.

డబ్బు పెట్టాల్సిందల్లా మైకు మీదే. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు గానీ, మాట బావిలోంచి వచ్చినట్టు ఉంటే ఇరవై సెకన్లలో వెళ్లిపోతారు.

- కాలర్ మైకు గడ్డానికి 15–20 సెంటీమీటర్ల కింద పెట్టండి. బట్ట రాపిడి తగలకుండా టేపు వెయ్యండి.
- గదిలో ఒకసారి చప్పట్లు కొట్టండి. ప్రతిధ్వని వినిపిస్తే పరుపు, దుప్పట్లు, కర్టెన్లు ఉన్న గదికి మారండి.
- ఫ్యాను, ఏసీ ఆపండి. మాట్లాడకుండా 10 సెకన్లు రికార్డు చేసి ఉంచుకోండి. తర్వాత హోరు తీసెయ్యడానికి ఆ నమూనా పనికొస్తుంది.
- మాట శబ్దం గరిష్ఠంగా మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. సున్నా తాకితే పగిలిపోతుంది, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు.
- వెలుతురు కోసం కిటికీకి ఎదురుగా కూర్చోండి. కిటికీ వెనక ఉంటే ముఖం నల్లగా వస్తుంది.
- తెరమీద ముఖాన్ని నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు లాక్ చెయ్యండి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.

లైటు మిణుకుమంటూ రికార్డయితే షట్టర్ వేగం మార్చాలి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

## 5. మొదటి పది వీడియోల జాబితా

ఏ రోజు ఏం తోస్తే అది చెయ్యడం వల్లనే చాలా ఛానళ్లు ఆరేడు వీడియోల దగ్గర ఆగిపోతాయి. పదింటినీ ముందే రాసుకోండి. మేము సూచించే పంపకం ఇది:

- 5 వీడియోలు: వెతుకులాటలో దొరికిన "ఎలా చెయ్యాలి" ప్రశ్నలకు జవాబులు.
- 2 వీడియోలు: "ఎందుకు రావట్లేదు" రకం. ఒక్కో సమస్య, దానికి పరిష్కారం.
- 2 వీడియోలు: పోలిక. "ఇదా, అదా?" కొనబోయేవాళ్లు వెతికేది ఇదే కనుక అఫిలియేట్ ఆదాయానికి ఈ రెండే ఆయువుపట్టు.
- 1 వీడియో: ఒక పని మొదలు నుంచి చివరిదాకా చేసి చూపడం. తర్వాత క్లయింట్లకు చూపించే నమూనా ఇదే అవుతుంది.

రోజువారీ కబుర్లు, ట్రెండింగ్ వార్తల మీద స్పందనలు ఈ పదింటిలో వద్దు. వాటి ఆయుష్షు రెండు రోజులు.

## 6. ఒక వీడియో తయారయ్యే క్రమం

6.1 ముందు శీర్షిక, థంబ్‌నెయిల్. స్క్రిప్ట్ కన్నా ముందే. శీర్షిక పరిమితి 100 అక్షరాలు. కానీ ఫోన్‌లో చివర కోసేస్తుంది కాబట్టి ముఖ్యమైన మాట మొదట్లోనే రావాలి. థంబ్‌నెయిల్ 1280 × 720 కొలతలో, 16:9 నిష్పత్తిలో చెయ్యండి. దాని మీద 3–4 మాటలు మించకూడదు. తెలుగు గుణింతాలు, ఒత్తులు చిన్న తెరపై కలిసిపోతాయి కనుక లావు అక్షరం వాడి, బొటనవేలి గోరంత సైజుకు తగ్గించి చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. కింద కుడి మూల వీడియో నిడివి అంకె వస్తుంది, అక్కడ ఏమీ రాయకండి.

6.2 స్క్రిప్ట్. మొదటి 15 సెకన్లలో: ఏ సమస్య, చివరికి ఏం దొరుకుతుంది. "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానల్, ఫస్ట్ టైమ్ చూస్తున్నట్లయితే..." అనేది తీసెయ్యండి. వెతుక్కుంటూ వచ్చిన మనిషికి అది అడ్డంకి. ఆ తర్వాత మెట్లు వరుసగా, ఒక్కో మెట్టుకు ఒక్క పని. పూర్తి స్క్రిప్ట్ గట్టిగా చదివి స్టాప్‌వాచ్‌తో నిడివి చూడండి.

6.3 రికార్డింగ్. ఒక్కో పేరా విడివిడిగా. తప్పు దొర్లితే ఆపకుండా చప్పట్లు కొట్టి మళ్లీ చెప్పండి. ఎడిటింగ్‌లో శబ్దపు గీతలో ఆ చప్పట్లు పొడుగ్గా కనిపిస్తాయి, వెంటనే దొరుకుతాయి.

6.4 ఎడిటింగ్. మొదట మౌనాలు, తప్పులు కత్తిరించండి. తర్వాత తెరమీది మాటలు, దగ్గరి షాట్లు. సంగీతం చివర, మాటకన్నా బాగా తక్కువ శబ్దంలో. సంగీతం యూట్యూబ్ ఆడియో లైబ్రరీ నుంచి తీసుకుంటే కాపీరైట్ క్లెయిములు (ఈ పాట మాదని హక్కుదారు చెప్పుకోవడం) రావు. అక్కడ కూడా కొన్ని పాటలకు కర్త పేరు వివరణలో రాయాలనే షరతు ఉంటుంది, చూసుకోండి.

6.5 అప్‌లోడ్ చెక్‌లిస్ట్

- ముందు "ప్రైవేట్"గా ఎక్కించండి. కాపీరైట్ తనిఖీ పూర్తయ్యాకే పబ్లిక్.
- వివరణ మొదటి రెండు వరుసల్లో విషయం, ముఖ్యమైన లింకు.
- ఛాప్టర్లు (వీడియోను భాగాలుగా చూపే సమయాల జాబితా): మొదటిది 0:00 నుంచి, మొత్తం కనీసం 3, ఒక్కోటి కనీసం 10 సెకన్లు.
- వీడియో భాష, "మేడ్ ఫర్ కిడ్స్" జవాబు.
- డబ్బు లేదా ఉచిత వస్తువు తీసుకుని చేసినదైతే "పెయిడ్ ప్రమోషన్" గుర్తు.
- నిజంలా కనిపించే ఏఐ దృశ్యాలు, గొంతులు వాడితే "ఆల్టర్డ్ కంటెంట్" గుర్తు.
- పిన్ చేసిన కామెంటు: ఒక ప్రశ్న. "ఇందులో ఏ మెట్టు దగ్గర ఆగారు?" అని అడగండి. ఆ జవాబుల్లోంచే మీ మొదటి ఉత్పత్తి పుడుతుంది.

షార్ట్స్ చేసేవారికి: 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణల్లో, కామెంట్లలో లింకులు నొక్కితే తెరుచుకోవు. షార్ట్స్ ఫీడ్‌లో వచ్చిన వాచ్ టైమ్ 4,000 గంటల్లో కలవదు. అందుకే ప్రతి షార్ట్‌కు "రిలేటెడ్ వీడియో"గా మీ పెద్ద వీడియోను జతచెయ్యండి. షార్ట్‌కు అంతకు మించిన పని పెట్టకండి.

## 7. మొదటి డబ్బు: మూడు దారులు

నాలుగైదు వీడియోలు పడ్డాక ఈ పని మొదలుపెట్టండి. పదీ పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.

### 7.1 సేవ

అన్నిటికన్నా త్వరగా డబ్బు వచ్చేది ఇదే, ఎందుకో చాలామంది దీన్ని చిన్నతనంగా భావిస్తారు. అయిదు వీడియోలు చేసిన మనిషికి స్క్రిప్ట్, ఎడిటింగ్, థంబ్‌నెయిల్ ఎంతో కొంత వచ్చి ఉంటాయి. అవి చెయ్యడానికి తీరిక లేని ఉపాధ్యాయులు, శిక్షకులు, చిన్న వ్యాపారులు, పెద్ద క్రియేటర్లు ఉన్నారు.

1. ఒకే ప్యాకేజీ రాసుకోండి. ఉదాహరణ: "మీ పాత గంట వీడియోలోంచి 4 షార్ట్స్, తెలుగు సబ్‌టైటిళ్లతో, 5 రోజుల్లో, 2 సార్లు మార్పులు."
2. ధర: పట్టే గంటలు × మీ గంట విలువ, దాని మీద మార్పులకు మరో పావు వంతు. మొదటిసారి చేసేటప్పుడు మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ గంటలు పడుతుందని లెక్కలో కలపండి.
3. ఇప్పటికే కంటెంట్ పెడుతూ, మీరు బాగుచెయ్యగల లోపం ఒకటి ఉన్న 20 మందిని ఎంచుకోండి.
4. వారిలో అయిదుగురికి ఒక చిన్న నమూనా చేసి పంపండి. 20 సెకన్ల ముక్క చాలు.
5. సందేశం 5 వరుసలు మించకూడదు.

సందేశం ఇలా ఉండొచ్చు: *"నమస్కారమండీ. మీ ఫలానా వీడియోలో 12వ నిమిషం దగ్గర చెప్పిన సంగతి చాలా బాగుంది, కానీ అది గంట వీడియోలో దాగిపోయింది. దాన్ని 20 సెకన్ల షార్ట్‌గా చేసి జతపరిచాను, మీరు ఉచితంగా వాడుకోవచ్చు. ఇలాంటివి 4 చేసి 5 రోజుల్లో ఇస్తాను. ధర ఇంత. ఆసక్తి ఉంటే చెప్పండి."*

ఒప్పుకున్నాక సగం డబ్బు ముందే తీసుకోండి. మిగతా సగం వచ్చేదాకా వాటర్‌మార్క్ ఉన్న ఫైలే ఇవ్వండి. "2 సార్లు మార్పులు" అనే మాట రాతపూర్వకంగా లేకపోతే అవి పది అవుతాయి.

### 7.2 అఫిలియేట్

అఫిలియేట్ కార్యక్రమంలో చేరడానికి తొందరపడకండి. ఉదాహరణకు అమెజాన్ అసోసియేట్స్‌లో చేరిన 180 రోజుల్లో 3 అర్హమైన అమ్మకాలు జరగకపోతే ఖాతా మూసేస్తారు. మీ సొంత కొనుగోళ్లు లెక్కలోకి రావు. పోలిక వీడియోలు రెండూ పడి, వాటికి రోజూ కొందరైనా వస్తున్నప్పుడు చేరండి.

- మీరు వాడిన వస్తువులే పెట్టండి. ఒక వీడియోకు 1–3 లింకులు. పదిహేను లింకులు కుప్ప పోస్తే ఏదీ నొక్కరు.
- లింకుకు పైనే రాయండి: "ఈ లింకుల ద్వారా మీరు కొంటే నాకు కమిషన్ వస్తుంది." వీడియోలో నోటితో కూడా ఒకసారి చెప్పండి.
- లింకు పక్కన ధర రాయకండి. ధరలు మారతాయి, మీది తప్పు సమాచారం అవుతుంది.
- అమెజాన్ లింకులను ఈమెయిల్‌లో గానీ పీడీఎఫ్‌లో గానీ పెట్టేముందు వారి నియమాలు చూసుకోండి.
- వస్తువులో లోపం కూడా చెప్పండి. "ఎవరు కొనకూడదు" అనే 30 సెకన్ల భాగం ఉన్న పోలిక వీడియోను జనం నమ్ముతారు.

అంచనా కోసం: 3,000 వ్యూస్, అందులో 60 క్లిక్కులు, 3 కొనుగోళ్లు, ఒక్కోదానికి 2 డాలర్ల కమిషన్ అనుకుంటే 6 డాలర్లు. ఎక్కువేమీ కాదు. కానీ అదే వీడియో ఏడాదంతా పనిచేస్తుంది.

### 7.3 చిన్న డిజిటల్ ఉత్పత్తి

కోర్సు చెయ్యకండి. మొదటి ఉత్పత్తి ఒక్క వారాంతంలో పూర్తయ్యేంత చిన్నదై ఉండాలి.

ఏం చెయ్యాలో కామెంట్లే చెబుతాయి. ఒకే ప్రశ్న మూడు వేర్వేరు మనుషుల దగ్గర్నుంచి వచ్చిందంటే దాన్ని పట్టుకోండి. "ఆ షీట్ ఇస్తారా?", "ఆ సెట్టింగులు రాసి పెడతారా?" లాంటివి బంగారం.

1. ఒక పేజీలో రాయండి: ఎవరికి, ఏం చేస్తుంది, లోపల ఏముంది, ఏం లేదు.
2. ఆ ప్రశ్న అడిగిన అయిదుగురికి ఉచితంగా ఇచ్చి, ఎక్కడ అర్థం కాలేదో చెప్పమనండి.
3. సరిదిద్ది, ఫైళ్లు అమ్మే ఏదైనా వేదికలో పెట్టండి. చేరేముందు వారి కమిషన్, మీ దేశంలో బ్యాంకుకు డబ్బు పంపుతారా లేదా, కనీస చెల్లింపు ఎంత అన్న మూడూ చూడండి. రెండోది చూడకుండా చేరి, అమ్మకాలయ్యాక డబ్బు తీసుకోలేక ఇరుక్కుపోతుంటారు.
4. మీరే ఒకసారి కొని చూడండి. చెల్లింపు, ఈమెయిల్, డౌన్‌లోడ్, ఫోన్‌లో ఫైలు తెరుచుకోవడం అన్నీ సరిచూసుకోండి.
5. డబ్బు వాపసు నియమం ముందే రాయండి.
6. సంబంధిత వీడియోలో, ఆ మెట్టు దగ్గరే ఒక్క వాక్యంలో చెప్పండి. వీడియో చివర చెబితే అప్పటికే సగంమంది వెళ్లిపోయి ఉంటారు.

## 8. స్పాన్సర్ మెయిల్ వస్తే

వందమంది సబ్‌స్క్రైబర్లు ఉన్నప్పుడే పెద్ద బ్రాండు పేరుతో మెయిల్ వచ్చిందంటే మోసమనే అనుకుని పరిశీలించండి.

మామూలుగా జరిగేది ఇది. "కాంట్రాక్టు జతపరిచాం" అంటూ పాస్‌వర్డ్ ఉన్న జిప్ ఫైలు పంపుతారు. పాస్‌వర్డ్ ఉంటే యాంటీవైరస్ లోపలికి చూడలేదు. అందులో పీడీఎఫ్‌లా కనిపించేది నిజానికి ప్రోగ్రామ్. తెరవగానే బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు) దొంగిలిస్తుంది. కుకీ ఉంటే పాస్‌వర్డూ అక్కర్లేదు, టూ-స్టెప్ కోడూ అక్కర్లేదు. నిమిషాల్లో ఛానల్ పేరు మారిపోతుంది.

- పంపినవారి చిరునామాలో డొమైన్ కంపెనీ అసలు సైటుదేనా?
- జిప్, ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్ ఫైళ్లు ఏ కారణంతోనూ తెరవవద్దు. "వివరాలు మెయిల్‌లోనే రాయండి" అనండి.
- "రిజిస్ట్రేషన్ ఫీజు", "డిపాజిట్" అడిగితే అక్కడే ఆపండి. స్పాన్సర్ డబ్బు ఇస్తాడు గానీ తీసుకోడు.
- నిజమైన ఒప్పందమైతే నాలుగు రాయించుకోండి: డబ్బు ఎన్ని రోజుల్లో, ఎన్ని మార్పులు, మీ వీడియోను వాళ్లు ప్రకటనల్లో ఎంతకాలం వాడతారు, పోటీ బ్రాండ్లతో పనిచెయ్యకూడదనే షరతు ఉందా.

## 9. ప్రకటనల ఆదాయం: దరఖాస్తు, పిన్, చెల్లింపు

అంకెలు చేరాక స్టూడియోలో "ఎర్న్" విభాగం తెరిచి దరఖాస్తు చెయ్యండి. పరిశీలనకు సాధారణంగా నెల దాకా పట్టవచ్చు. ఛానల్ మీద కమ్యూనిటీ గైడ్‌లైన్స్ స్ట్రైక్ (యూట్యూబ్ నియమాలు ఉల్లంఘిస్తే పడే శిక్ష) ఉండకూడదు. యాడ్‌సెన్స్‌కు (గూగుల్ ప్రకటనల డబ్బు చెల్లించే ఖాతా) 18 ఏళ్లు నిండి ఉండాలి. మనిషికి ఒక్క యాడ్‌సెన్స్ ఖాతానే. ఎప్పుడో బ్లాగు కోసం తెరిచిన పాతది ఉంటే దాన్నే జోడించండి, రెండోది తెరిస్తే తిరస్కరిస్తారు.

పొడుగు వీడియోల ప్రకటనల్లో మీ వాటా 55 శాతం. షార్ట్స్‌లో మీకు కేటాయించిన మొత్తంలో 45 శాతం. వీడియో 8 నిమిషాలు లేదా ఎక్కువ ఉంటే మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు. దానికోసం 5 నిమిషాల విషయాన్ని సాగదీయకండి, చూసేవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతారు.

తర్వాతి క్రమం:

1. పిన్ (చిరునామాను ధ్రువీకరించే సంఖ్య). ఖాతాలో 10 డాలర్లు చేరగానే మీ చిరునామాకు పోస్టులో పిన్ వస్తుంది, సాధారణంగా 2–4 వారాల్లో. చిరునామా పోస్టుమ్యాన్‌కు అర్థమయ్యేలా రాయండి. మొదటి పిన్ పంపిన 4 నెలల్లో నమోదు చెయ్యాలి.
2. పన్ను సమాచారం. అమెరికా బయట ఉన్నవారు కూడా నింపాలి. నింపకపోతే ప్రపంచం మొత్తం నుంచి వచ్చిన ఆదాయంపై 24 శాతం దాకా కోత పడవచ్చు. నింపితే అమెరికా ప్రేక్షకుల నుంచి వచ్చిన భాగంపైనే, మీ దేశ ఒప్పందాన్ని బట్టి.
3. బ్యాంకు. ఖాతాదారు పేరు యాడ్‌సెన్స్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.
4. తేదీలు. ఒక నెల ఆదాయం మరుసటి నెల 7–12 తేదీల మధ్య ఖరారవుతుంది. 100 డాలర్లు దాటి ఉంటే 21–26 మధ్య పంపుతారు. బ్యాంకులో కనిపించడానికి మరికొన్ని రోజులు.

దరఖాస్తు తిరస్కరిస్తే 21 రోజుల్లో అప్పీలు చెయ్యవచ్చు, లేదా మొదటిసారి అయితే 30 రోజుల తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చు. ఎక్కువసార్లు కారణం "రీయూజ్డ్ కంటెంట్": ఇతరుల క్లిప్పులు, సినిమా ముక్కలు, మీ మాట గానీ ముఖం గానీ లేని సంకలనాలు. ఒకే మూసలో వరుసగా పోసే వీడియోలను యూట్యూబ్ 2025 జూలై నుంచి "ఇన్‌అథెంటిక్ కంటెంట్" అంటోంది. ఏఐ గొంతుతో రోజుకు పది వీడియోలు ఎక్కించే పద్ధతి ఇక్కడే దెబ్బతింటుంది.

## 10. అంకెలు ఎలా చదవాలి

మొదటి పది వీడియోల దాకా రోజూ చూడకండి, వారానికి ఒకసారి చాలు. రెండే చూడండి: థంబ్‌నెయిల్ కనబడినవారిలో ఎంతమంది నొక్కారు, మొదటి 30 సెకన్ల తర్వాత ఎంతమంది ఉన్నారు. యూట్యూబ్ చెప్పే ప్రకారం సగం ఛానళ్లలో నొక్కే శాతం 2 నుంచి 10 మధ్య ఉంటుంది.

- నొక్కడం తక్కువ, నొక్కినవారు మాత్రం ఉంటున్నారు: వీడియో బాగుంది, థంబ్‌నెయిల్ మార్చండి.
- బాగానే నొక్కుతున్నారు, 30 సెకన్లలో వెళ్లిపోతున్నారు: శీర్షికలో చెప్పింది మొదట్లో కనిపించట్లేదు. యూట్యూబ్ ఎడిటర్‌లో మొదటి ముక్క కత్తిరించండి.
- రెండూ తక్కువ: ఆ వీడియోను వదిలేసి తర్వాతిది చెయ్యండి.
- రెండూ బాగున్నాయి, చూపించడమే తక్కువ: ఆ అంశం వెతికేవాళ్లు కొద్దిమంది. అఫిలియేట్‌కు ఇది చెడ్డ విషయమేమీ కాదు.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

సబ్‌స్క్రైబర్లను కొనడం, "నువ్వు నాకు, నేను నీకు" పద్ధతి. వాళ్లు మీ వీడియోలు చూడరు. యూట్యూబ్ వాళ్లను లెక్కలోంచి తొలగించడమే కాక ఛానల్‌కే ముప్పు. చేసి ఉంటే ఆపేసి, అసలు వీడియోలతో కొనసాగండి.

పాత వీడియోలు నచ్చక ప్రైవేట్ చెయ్యడం. వాటి వాచ్ గంటలు 4,000 నుంచి పోతాయి. తీసెయ్యకుండా శీర్షిక, థంబ్‌నెయిల్ మార్చండి.

క్లెయిమ్‌నూ స్ట్రైక్‌నూ ఒకటే అనుకోవడం. కంటెంట్ ఐడీ (ఇతరుల పాటలు, వీడియోలను యూట్యూబ్ దానంతటదే గుర్తుపట్టే ఏర్పాటు) క్లెయిమ్ అంటే సాధారణంగా ఆ వీడియో డబ్బు హక్కుదారుకు వెళ్తుంది. స్టూడియోలో ఆ పాటను తొలగించడమో మార్చడమో చెయ్యవచ్చు. కాపీరైట్ స్ట్రైక్ అంటే వీడియో తీసేశారన్నమాట. అది 90 రోజులు ఉంటుంది, ఆ వ్యవధిలో మూడు పడితే ఛానల్ పోతుంది.

మొదటి డబ్బు రాగానే కెమెరా కొనడం. ముందు చూడాల్సింది ఏ వీడియో, ఏ లింకు, ఏ సందేశం ఆ డబ్బు తెచ్చిందని. తర్వాతి మూడు వీడియోలు దాని చుట్టూనే చెయ్యండి.

లెక్క రాయకపోవడం. మొదటి చెల్లింపు రోజు నుంచే ఒక షీట్ పెట్టండి: తేదీ, ఎవరి నుంచి, ఏ పనికి, ఎంత, ఏ కరెన్సీ, కోతలు, చేతికొచ్చింది. ఖర్చుల బిల్లులు విడిగా ఒక ఫోల్డర్‌లో. కంటెంట్ ఆదాయం దాదాపు ప్రతిచోటా పన్ను లెక్కలోకి వస్తుంది. ఏడాది చివర వెతుక్కునే బదులు, మొదటి ఆదాయం వచ్చిన నెలలోనే మీ ప్రాంత నియమాలు తెలిసిన అకౌంటెంట్‌ను ఒకసారి కలిసి ఆ షీట్ చూపించండి.